ఇల్లు నిలిచింది, మగ్గం నిలవలేదు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊళ్ళలో పాత మగ్గం ఇళ్ళ వివరాలు పోగుచేసే పని మేం కొందరం కలిసి మొదలుపెట్టాం. ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పమని సమాఖ్య వారు అడిగారు. మన ఇళ్ళ సంగతికి వచ్చే ముందు ఒక ఇంగ్లీషు పల్లెలో ఉన్న నేతగాళ్ళ ఇళ్ళ వరుస గురించి చెబుతాం. ఇంగ్లీషు వాళ్ళ ఇళ్ళతో మనకేం పని అని మీరు అడగవచ్చు. ఓపికగా వినండి, పని ఉందని మీకే తెలుస్తుంది.

లండన్‌కు పడమటి దిక్కున, కారులో రెండు గంటలకు పైగా ప్రయాణం చేస్తే గ్లాస్టర్‌షైర్ అనే జిల్లా వస్తుంది. అక్కడి కొండ ప్రాంతాన్ని కాట్స్‌వోల్డ్స్ అంటారు. కొండలంటే మన కనుమల వంటివి కావు, గొర్రెలు మేసే పచ్చని మెట్టలు. ఆ ప్రాంతంలో కోల్న్ అనే చిన్న ఏరు ఒడ్డున బిబ్యురీ అనే పల్లె ఉంది. ఏటి పక్కన ఒక వరుసగా, ఒకే గోడను ఆనుకుని ఒకటిగా, చిన్న చిన్న రాతి ఇళ్ళు ఉంటాయి. ఆ వరుస పేరు ఆర్లింగ్‌టన్ రో. ఇంగ్లాండులో ఎక్కువమంది ఫొటో తీసుకునే వీధుల్లో ఇదొకటి.

ఈ ఇళ్ళు మొదట ఇళ్ళు కావు. 1380 ప్రాంతంలో క్రైస్తవ మఠం వారు ఉన్ని నిలవ చేసుకోవడానికి కట్టించిన గిడ్డంగి అది. తరవాత 17వ శతాబ్దంలో ఆ పొడుగాటి గిడ్డంగికి అడ్డగోడలు పెట్టి, నేతగాళ్ళు కాపురం ఉండడానికి వరుస ఇళ్ళుగా మార్చారు. అంటే గోదాము కాస్తా నేతగాళ్ళ వీధి అయింది.

గోడలు తేనెరంగు సున్నపురాయితో కట్టినవి. పైకప్పుకి పెంకులు లేవు, పలచని రాతి పలకలే పెంకులు. ఈ పలకలు పేర్చడంలో ఒక లెక్క ఉంది. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయే కొద్దీ చిన్నవి, వెన్ను దగ్గర మరీ చిన్నవి. బరువు కింద గోడ మీద పడాలి, వాన నీరు జారిపోవాలి. అందుకే కప్పు బాగా ఏటవాలుగా ఉంటుంది. కిటికీలు చిన్నవి, తలుపులు పొట్టివి. పొడుగాటి మనిషి తల వంచి లోపలికి పోవాల్సిందే. చూస్తుంటే మన తాతల నాటి ఇళ్ళు గుర్తుకొస్తాయి. మన దగ్గర కూడా మగ్గం ఇంట్లోకి తల వంచే గదా వెళ్ళేవాళ్ళం.

ఇంత చిన్న ఇంట్లో పని ఎలా జరిగేదో చూడండి. బట్టల వ్యాపారి ఉన్ని ఇచ్చేవాడు. ఆడవాళ్ళు, పిల్లలు దాన్ని ఏకి, రాట్నం మీద వడికేవారు. ఒక్క మగ్గానికి నూలు అందించాలంటే వడికే చేతులు చాలా కావాలి. మగవాడు మగ్గం మీద కూర్చునేవాడు. వెడల్పు బట్ట నేయాలంటే ఇద్దరు నేతగాళ్ళు కావాలి, ఒకడు ఇటు నుంచి నాడె విసిరితే ఇంకొకడు అటు పట్టుకుని తిరిగి విసరాలి. 1733లో జాన్ కే అనే ఆయన తాడు లాగితే తానే పరిగెత్తే నాడెకు పేటెంటు తీసుకున్నాడు. మన మగ్గాల మీద ఫ్లై షటిల్ అని చెప్పుకునేది అదే. నేత అయ్యాక బట్ట వ్యాపారికి పోతుంది, కూలి నేతగాడికి వస్తుంది. నూలు వాళ్ళది, చెమట మనది. మాస్టర్ వీవరు దగ్గర పనిచేసిన వాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇళ్ళ ముందు ఏటికీ కాలువకీ నడుమ ఒక చిత్తడి గడ్డి నేల ఉంది. దాని పేరు ర్యాక్ ఐల్. ఆ పేరులోనే నేత పని దాగుంది. ఉన్ని బట్ట మగ్గం దిగాక వాడకానికి పనికిరాదు. దాన్ని దగ్గరలో ఉన్న ఆర్లింగ్‌టన్ మిల్లుకి తీసుకెళ్ళేవారు. అక్కడ నీటి చక్రం తిప్పే కొయ్య సమ్మెటలు ఆ బట్టను నీళ్ళలో దంచేవి. జిడ్డు పోయి, పోగులు ఒకదానికొకటి పట్టుకుని, బట్ట దగ్గరపడి దళసరిగా తయారయ్యేది. అలా తడిసిన బట్ట ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. అందుకని ఈ గడ్డి నేల మీద కొయ్య చట్రాలు పాతి, వాటికి బట్టను బిగుతుగా కట్టి ఆరబెట్టేవారు. ఆ చట్రాలే ర్యాకులు. బట్టలు పోయాయి, చట్రాలు పోయాయి, పేరు మాత్రం నేలను అంటిపెట్టుకుని ఉంది. ఇప్పుడు అక్కడ నీటి పక్షులు, చిత్తడి మొక్కలు ఉన్నాయి.

ఈ గడ్డి నేల దగ్గర మనం కాస్త ఆగాలి. నేతగాడి ఇల్లు నాలుగు గోడలతో అయిపోదు అని అది చెబుతుంది. ఇంటి ముందు అందరికీ ఉమ్మడిగా ఉన్న నేల కూడా మగ్గంలో భాగమే. మనకు ఆ నేల మన వీధి. పొద్దున్నే చలిగాలి ఉండగానే వీధి పొడవునా పడుగు చాచి, గంజి పట్టించి, ఇటు ముగ్గురు అటు ముగ్గురు కుంచెలు పట్టుకుని దువ్వుతుంటే, ఆ గంట సేపు బండి కూడా పక్క దారిన పోయేది. ఇవాళ మన వీధుల్లో ఆ చోటు లేదు. మోటార్ సైకిళ్ళు, కార్లు నిలబెట్టాక పడుగు ఎక్కడ చాచాలి? మగ్గం ఇంట్లోంచి పోకముందే వీధిలోంచి పడుగు పోయింది. మన వీధికి ర్యాక్ ఐల్ లాగా పేరైనా మిగలలేదు.

ఇక ఈ ఇళ్ళకీ మనకీ ఉన్న పాత సంబంధం చెబుతాం. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు మచిలీపట్నంలో దిగారు. వాళ్ళు కొన్నది ప్రధానంగా మన బట్టలే. నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో నేసిన తెల్ల బట్టకి ఆ ఊరి పేరే పెట్టి మడపొల్లాం అన్నారు. ఆ మాట ఇప్పటికీ ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల్లో ఉంది. యానాం పక్కనే ఉన్న ఇంజరంలో కూడా ఇంగ్లీషు కంపెనీ వారి బట్టల కొట్టు ఉండేది. మన నూలు బట్ట, అద్దకం బట్ట అక్కడికి వెళ్ళేసరికి జనం ఎగబడి కొన్నారు. ఉతికితే ఆరుతుంది, ఒంటికి తేలిక, రంగు వదలదు. ఇంగ్లాండు ఉన్ని నేతగాళ్ళకు, పట్టు నేతగాళ్ళకు కడుపు మండింది. మొర పెట్టుకున్నారు. 1719లో లండన్‌లో అయితే మన అద్దకం బట్ట కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపేశారు.

ప్రభుత్వం వాళ్ళ మాట విన్నది. 1700లో ఒక చట్టం, 1721లో ఇంకొక చట్టం చేసి అద్దకం నూలు బట్టల దిగుమతినీ, వాడకాన్నీ అడ్డుకుంది. అంతకు ముందే ఉన్ని నేతను నిలబెట్టడానికి శవానికి సైతం ఉన్ని బట్టే కప్పి పాతిపెట్టాలని చట్టం ఉండేది, తప్పితే 5 పౌండ్ల జరిమానా. అంటే ఆ వేళ మన నేతగాడి చేతి పనికి భయపడినవాడు ఇలాంటి ఇళ్ళలో కూర్చున్న నేతగాడే. వాణ్ణి మనం తప్పు పట్టలేం. వాడి పిల్లల కూడు ఆ మగ్గం మీదే ఉంది. మన పిల్లల కూడూ అంతే.

మరి చట్టాలు వాణ్ణి కాపాడాయా? మన బట్టను ఆపగలిగారు, ఆవిరి యంత్రాన్ని ఆపలేకపోయారు. లాంకషైర్‌లో నూలు మిల్లులు లేచాయి. ఉన్ని పని కూడా చాలావరకు యార్క్‌షైర్ మిల్లులకు తరలిపోయింది. 1830ల చివర బ్రిటిష్ ప్రభుత్వం చేనేతగాళ్ళ పరిస్థితి మీద విచారణ సంఘం వేసింది. సంఘం వాళ్ళు ఊరూరా తిరిగి రాసుకున్నారు. కూలి తగ్గిపోయిందనీ, మగ్గాలు ఖాళీగా ఉన్నాయనీ, జనం వలస పోతున్నారనీ ఆ నివేదికల్లో ఉంది. అదే కాలంలో అదే మిల్లు నూలు, మిల్లు బట్ట ఓడలెక్కి మన రేవుల్లో దిగింది. మాధవాయపాలెం మగ్గాన్నీ గ్లాస్టర్‌షైర్ మగ్గాన్నీ దెబ్బతీసింది ఒకే యంత్రం. మన పెద్దలు పొట్ట చేతపట్టుకుని సోలాపూర్ మిల్లులకు, బొంబాయి మిల్లులకు నడిచిన దారి వెనక కథ అది కూడా.

మగ్గాలు పోయాక ఆర్లింగ్‌టన్ రోలో వేరే పనులు చేసుకునే బీదవాళ్ళు ఉన్నారు. ఇళ్ళు పాతబడ్డాయి. వాటిని కూల్చి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేకపోవడమే ఒక రకంగా వాటిని కాపాడింది. సఫోక్‌లోని లావెన్‌హామ్‌లో కూడా ఇలాగే జరిగింది. నీలం ఉన్ని బట్టతో ఒకప్పుడు ఇంగ్లాండులోనే సంపన్నమైన ఊళ్ళలో లెక్కకొచ్చిన ఆ ఊరు, బట్టల వ్యాపారం పడిపోయాక బీదదైపోయింది. అందుకే అక్కడి పాత కొయ్య ఇళ్ళు వీధి వీధంతా అలాగే నిలబడి ఉన్నాయి.

బీదరికం కూల్చకుండా ఆపుతుంది గానీ, మరమ్మతు చేయించదు. అది చేయించింది మనుషులే. విలియం మోరిస్ అనే ఆయన పేరు మీలో బట్టల డిజైన్లు చదువుకున్న పిల్లలు విని ఉంటారు. పెద్ద ఇంట్లో పుట్టినా తన చేతులతో మగ్గం మీద కూర్చుని నేత నేర్చుకున్న మనిషి. బిబ్యురీని ఇంగ్లాండులోకెల్లా అందమైన పల్లె అన్నది ఆయనే. 1877లో ఆయనా మిత్రులూ కలిసి పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టారు. వాళ్ళు చెప్పిన సూత్రం చాలా చిన్నది. పాత ఇంటిని కొత్తగా మెరిపించొద్దు, ఏ ఏటి మరమ్మతు ఆ ఏడు చెయ్యండి అన్నారు. పలక జారితే పలక వెయ్యి, నీరు కారితే కాలువ తియ్యి. మన అమ్మమ్మలు ప్రతి పండక్కీ గోడకి సున్నం వేసి, అరుగు అలికిన పని కూడా ఇదే.

1929లో రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అనే సంస్థ పల్లెటూరి పాత ఇళ్ళు కాపాడే పనిలో భాగంగా ఆర్లింగ్‌టన్ రోను కొన్నది. ఆ తరవాత అది నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. రాజుల కోటలు, జమీందార్ల మేడలు కాపాడే సంస్థ కూలి నేతగాళ్ళ ఇళ్ళు కూడా కాపాడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా కార్ల యజమాని హెన్రీ ఫోర్డ్ అక్కడికి దగ్గరలోని చెడ్‌వర్త్ అనే పల్లె నుంచి ఒక రాతి ఇంటిని కొని, రాయి రాయి విప్పించి, ఓడలో మిషిగన్‌కు తీసుకెళ్ళి తన ప్రదర్శన గ్రామంలో మళ్ళీ నిలబెట్టించాడు. ఆయన కన్ను ఆర్లింగ్‌టన్ రో మీద కూడా పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. పోకుండా నిలబడింది, సంతోషం. ఇప్పుడది ఆ దేశంలో మొదటి శ్రేణి రక్షిత కట్టడం. అనుమతి లేకుండా మార్పులు చెయ్యకూడదు. ఆ ఇళ్ళలో ఇప్పటికీ మనుషులు అద్దెకు కాపురం ఉన్నారు. అందుకే కిటికీల్లోంచి తొంగి చూడొద్దని, మెల్లగా మాట్లాడమని వచ్చినవాళ్ళని అడుగుతుంటారు.

మాలో ఇద్దరం అక్కడికి వెళ్ళి చూసి వచ్చాం. బస్సుల మీద బస్సులు. అందరి చేతిలో ఫోను. అందరూ ఒకే చోట నిలబడి ఒకే ఫొటో తీసుకుంటున్నారు. బాగుంది, నిజంగా బాగుంది. కానీ నేత కుటుంబంలో పుట్టినవాళ్ళం కాబట్టి మా చెవులు ఒక చప్పుడు కోసం వెతికాయి. ఆ వీధిలో మగ్గం చప్పుడు లేదు. ఎవరు నేశారు, ఎంత కూలి వచ్చింది, వడికిన ఆడవాళ్ళ పేర్లేమిటి, మగ్గం ఏ మూల ఉండేది, ఇవేవీ ఆ రాయి చెప్పదు. నేతగాళ్ళ ఇళ్ళని పలక మీద రాసి ఉంటుంది, అంతవరకే. ఇల్లు నిలిచింది, మగ్గం నిలవలేదు. దాన్ని కాపాడిన వాళ్ళ తప్పు ఇందులో లేదు. వాళ్ళు వచ్చేసరికే మగ్గాలు పోయి చాలాకాలమైంది. అడిగి రాసుకోవడానికి నేతగాడు మిగలలేదు.

ఇంకో రకం ఊరు కూడా అక్కడే ఉంది. యార్క్‌షైర్‌లో హడర్స్‌ఫీల్డ్ దగ్గర గోల్కర్ అనే పల్లెలో, 1840ల నాటి నేతగాళ్ళ ఇళ్ళు కొన్ని కలిపి కోల్న్ వ్యాలీ మ్యూజియం పెట్టారు. ఆ ఇళ్ళకి పై అంతస్తులో గోడ పొడవునా వరుసగా కిటికీలు ఉంటాయి. ఎందుకంటే మగ్గానికి వెలుతురు కావాలి. మన గుంట మగ్గం నేలలోకి దిగింది, నేల చెమ్మకు నూలు తెగదు కాబట్టి. వాళ్ళ మగ్గం మేడ ఎక్కింది, మబ్బు దేశంలో వెలుతురు దొరకదు కాబట్టి. గోల్కర్‌లో మగ్గం మగ్గంలాగే ఉంది, రాట్నం రాట్నంలాగే ఉంది. ఊరివాళ్ళే జీతం లేకుండా వంతులు వేసుకుని వచ్చి నడిపి చూపిస్తారు. బిబ్యురీ అంత పేరు దానికి లేదు. కానీ ఒక పిల్లవాడు అక్కడికి వెళ్తే, నేత అంటే ఏమిటో తెలుసుకుని వస్తాడు.

ఇప్పుడు మన ఇళ్ళ దగ్గరికి వద్దాం. మనలో చాలామందికి ఇంట్లో మగ్గం గుంట పూడ్చిన రోజు గుర్తుంది. తమ్ముళ్ళు పంచుకున్నప్పుడు పూడ్చాం, పెళ్ళికి గచ్చు వేయించినప్పుడు పూడ్చాం, మరమగ్గం పెట్టినప్పుడు పూడ్చాం. కొత్త ఇల్లు కట్టుకోవద్దని, చీకటి గదిలోనే ఉండమని ఏ కుటుంబానికీ చెప్పే హక్కు ఎవరికీ లేదు. మేమూ చెప్పం. మగ్గం మీద కూలి గిట్టకపోతే పిల్లవాణ్ణి మగ్గం ఎక్కించమని కూడా అడగం. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో 31 లక్షలకు పైగా కుటుంబాలు ఇంకా ఈ పనిలో ఉన్నాయి. అడగడానికి, రాసుకోవడానికి మనకు మనుషులు ఉన్నారు. ఆర్లింగ్‌టన్ రోకు దొరకని వీలు మనకు ఇంకా కొన్నేళ్ళు ఉంది. అందుకే మూడు పనులు మీ ముందు పెడుతున్నాం.

మొదటిది, కూల్చే ముందు కొలవండి. పాత ఇల్లు తీసేస్తున్నారంటే తిట్టుకోవద్దు, అడ్డుపడొద్దు. ఒక్క పూట అడిగి తీసుకోండి. టేపు పట్టుకుని గుంట పొడవు, వెడల్పు, లోతు రాయండి. మగ్గం ఏ దిక్కుకు ఉండేది, వెలుతురు ఎటు నుంచి వచ్చేది, కండెలు చుట్టే అమ్మ ఎక్కడ కూర్చునేది, పడుగు వీధిలో ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా చాచేవారు, ఇవన్నీ రాయండి. నాలుగు గోడలూ ఫొటో తీయండి. ఒక ప్రతి ఆ కుటుంబానికి, ఒక ప్రతి సమాఖ్యకి. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

రెండోది, మాటలు రికార్డు చెయ్యండి. మగ్గాన్ని మన పిల్లలు సేలంలో తరి అంటున్నారు, సోలాపూర్‌లో మాగ్ అంటున్నారు, బరంపురంలో తంత అంటున్నారు, దొడ్డబళ్ళాపురంలో మగ్గ అంటున్నారు. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే, దానితోనే బతుకుతున్నాం. అయితే పడుగు, పేక, నాడె, పన్నె, దోనె, ఆసు అన్న మాటలు మన పెద్దల నోట ఇంకా ఉన్నాయి. తెలుగు బడి లేని ఊళ్ళలో తరతరాలుగా తెలుగును నిలబెట్టింది మగ్గం గది. ఆ గది పోతే ఆ మాటలు పలికే చోటే ఉండదు. ముఖ్యంగా ఆడవాళ్ళను అడగండి. నూలు పని అంతా వాళ్ళ చేతుల మీదుగా నడిచింది, వాళ్ళను అడిగినవాళ్ళు తక్కువ. ఫోను ముందు పెట్టి, పని చేస్తూ మాట్లాడమనండి. కూర్చోబెట్టి అడిగితే గుర్తురాని మాట, చేతిలో కండె ఉంటే దానంతట అదే వస్తుంది.

మూడోది, ఊరికి ఒక్క ఇల్లు. అన్నీ కాపాడలేం. ప్రతి ఊళ్ళో ఒక్క మగ్గం ఇల్లు, ఇష్టపడి ఇచ్చే కుటుంబం ఉంటే, సంఘం అద్దెకు తీసుకుని గుంటతో సహా నిలపాలి. అందులో ఒక్క మగ్గం నడవాలి. నడిపే నేతగాడికి, కండెలు చుట్టే మనిషికి, గౌరవంగా నెల జీతం ఇవ్వాలి. ఉచిత సేవ అని చెప్పి వాళ్ళ కూలి ఎగ్గొట్టొద్దు. మన గుడి జీర్ణోద్ధరణకు చందా వేసుకున్న చేతులే ఇవి, కాబట్టి ఇది మన వల్ల కాని పని కాదు. మొదటి ఏడు రెండు మూడు ఊళ్ళతో మొదలుపెడితే చాలు.

మా దగ్గర ఒక పేజీ పట్టిక సిద్ధంగా ఉంది. ఏం కొలవాలో, ఏం అడగాలో అందులో రాశాం. సభ అయ్యాక తలుపు దగ్గర ఇస్తాం. ఇంటికి వెళ్ళాక ముందు మీ ఇంట్లోనే, మీ వీధిలోనే ఉన్న పెద్దవాళ్ళతో మొదలుపెట్టండి. పండుగ సెలవులకి పిల్లలు వచ్చినప్పుడు వాళ్ళ చేత ఫోను పట్టించండి, తాత చేత మాట్లాడించండి.